తారు కింద తుప్పు

విశాఖపట్నంలో పాత అంబాసిడర్‌నో ఫియట్‌నో బాగు చేయించుకునేవారు ముందుగా రంగుకు, క్రోమ్ పూతకు, సీటు కవర్లకు డబ్బు తీస్తారు. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి చూసేవారు తక్కువ. ఎత్తినా, అడుగున నల్లగా గట్టిపడిన తారు షీటు కనిపిస్తే ‘బాగానే అతుక్కుని ఉంది, దాని జోలికెందుకు’ అని మళ్లీ కప్పేస్తారు. అనంతపురంలోనో కర్నూలులోనో అయితే ఆ మాట చాలావరకు చెల్లుతుంది. సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లో చెల్లదు. చప్పుడు అణచడానికి వేసిన ఆ షీటు నలభై యాభై ఏళ్లకు ఆ పని దాదాపు మానేసి, రేకు తుప్పు పట్టడాన్ని యజమాని కంటపడకుండా దాచే పని మొదలుపెడుతుంది. విశాఖలో పాత కారు బాగుచేత రంగుతో కాకుండా ఆ షీటు తీయడంతో మొదలవ్వాలి అనడానికి కారణం ఇదే.

అసలు ఆ షీటు ఎందుకు వేశారో ముందు చూద్దాం. కారు ఫ్లోర్ రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. కింద గేర్‌బాక్స్, వెనక కమాన్ పట్టీలు, చక్రాల కింద గతుకుల రోడ్డు. వాటి అదురు సోకితే అంత పల్చటి, వెడల్పైన రేకు డప్పులా మోగుతుంది. తారు పూర్తిగా ఘనమూ కాదు, ద్రవమూ కాదు. రేకు వంగినప్పుడల్లా దానితోపాటు సాగుతూ, ఆ అదురును కొద్దిపాటి వేడిగా మార్చి మింగేస్తుంది. ఇలాంటి పూతలు రేకు అదురును ఎంత తగ్గిస్తాయో లెక్కగట్టే పద్ధతిని 1950లలో జర్మనీలో హెర్మన్ ఓబర్స్ట్ రూపొందించాడు. తారులో రాతిపొడి కలిపి పలకలుగా చేసి, ఫ్యాక్టరీలోనో తర్వాత వర్క్‌షాపులోనో ఫ్లోరుకు అతికించేవారు. విశాఖకు తారు కొత్తదేమీ కాదు. 1957లో కాల్టెక్స్ ఇక్కడ రిఫైనరీ తెరిచింది. అదే తర్వాత హెచ్‌పీసీఎల్ చేతికి వచ్చి, ఈనాటికీ రోడ్ల తారు తీస్తోంది. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ మొదలైందీ దాదాపు ఆ రోజుల్లోనే.

తారు మెత్తగా ఉన్నంతకాలం పని బాగానే చేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని ఆక్సిజన్‌కు, ఎండకు దానిలోని తేలిక నూనెలు పోయి పెళుసుబారుతుంది. సాగే గుణం పోతే చప్పుడు మింగే గుణమూ పోతుంది. అంచులు లేస్తాయి, సన్నటి నెర్రెలు పడతాయి. ఇక నీళ్ల సంగతి: ముందు అద్దం రబ్బరు ఎండి వాన లోపలికి కారుతుంది, తలుపుల రబ్బర్లు అరుగుతాయి, తర్వాత బిగించిన ఏసీ పైపు పక్కకు జరిగి చుక్కలు చుక్కలుగా ఫ్లోరు మీద పడుతుంది, రామకృష్ణా బీచ్ నుంచి తడి కాళ్లతో, ఇసుకతో ఎక్కేవాళ్లు ఉండనే ఉన్నారు. ఆ తడిలో ఉప్పుంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమ చాలు. ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పరిసరాల్లో తేమ ఉండే విశాఖలో ఈ ఉప్పు పూర్తిగా ఎండడమంటూ జరగదు. వాన పడకపోయినా షీటు కింద చెమ్మ నిలుస్తుంది.

అలా ఇరుక్కున్న చెమ్మ మామూలు తడికన్నా చెడ్డది. నెర్రె అంచు దగ్గర గాలి తగులుతుంది, లోపలికి పోయేకొద్దీ తగలదు. ఒకే రేకు మీద ఇలా ఆక్సిజన్ ఎక్కువ తక్కువలు ఏర్పడితే, గాలి అందని లోపలి చోటే కరిగిపోతుంది. అంచు మాత్రం పైకి బాగానే కనిపిస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి షీటును కింది నుంచి ఎత్తుతుంది. ఎత్తిన కొద్దీ ఇంకాస్త నీరు చేరుతుంది. సముద్ర తీరాల్లోని తీవ్రమైన వాతావరణంలో ఏ పూతా లేని ఉక్కు తొలి ఏడాదిలో 80 నుంచి 200 మైక్రాన్ల దాకా తరిగిపోతుందని ఐఎస్ఓ తుప్పు ప్రమాణాల పట్టిక చెబుతుంది. బీచ్ రోడ్డు ఇంటి ముందు నిలిపిన కారుకూ, లోపలెక్కడో కొండ చాటున నిలిపిన కారుకూ ఒకే లెక్క వర్తించదు, నిజమే. కానీ ఫ్లోరు రేకు మొత్తం మందమే వెయ్యి మైక్రాన్లు. (అన్నట్టు, ఉక్కు నగరమన్న పేరు ఉన్నా, ఆ రేకు మన స్టీల్ ప్లాంటులో పుట్టినది కాదు. 1992లో జాతికి అంకితమైన ఆ కర్మాగారం చువ్వలు, వైర్ రాడ్లు, కడ్డీలు చేస్తుంది. కార్లకు పనికొచ్చే పల్చటి రేకు చేయదు.)

ఈ ఊరి పెద్ద పరిశ్రమలకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. రిఫైనరీల్లో వేడి పైపుల చుట్టూ ఉండే వేడి కాపు పొరల కింద నీరు చేరి పైపును తినేయడం పేరున్న జబ్బు. పైన రేకు తళతళ మెరుస్తున్నా, ఇన్‌స్పెక్టర్లు అక్కడక్కడా పొర విప్పించి చూడనిదే నమ్మరు. షిప్‌యార్డు తీరూ అంతే. ఉప్పును మంచినీళ్లతో కడగకుండా, పాత తుప్పును గీకకుండా, కనిపించే లోహం మీదే తప్ప రంగు వేయరు. ఆ షిప్‌యార్డుకు 1941లో నాంది పలికిన వాల్‌చంద్ హీరాచందే 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కూడా పెట్టాడు. మన ఫియట్లు, పద్మినీలు అక్కడివే. ఒకే వ్యాపారి ఇంట పుట్టిన ఓడకూ కారుకూ ఉప్పు విషయంలో ఇంత తేడాగా మర్యాద చేయడం నాకు వింతగానే తోస్తుంది. కప్పి ఉన్నదాన్ని నమ్మకూడదని ఓడలకు ఒప్పుకున్న ఊరు, కార్లకు ఎందుకు ఒప్పుకోదు?

దీనికి గట్టి ప్రతివాదం ఒకటుంది: తారు నీటిని ఆపేదే కదా, దాన్ని తీసేస్తే ఉన్న కవచం పోయినట్టే కదా? ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. భూమిలో పాతిన పైపులకు తారు చుట్టేవారు. గట్టిగా అంటుకుని ఉన్న తారు కింద రేకు ఫ్యాక్టరీ రంగుతో సహా చెక్కుచెదరకుండా ఉండడం నిజంగానే జరుగుతుంది. చిక్కల్లా ఏ చోట అంటుకుని ఉందో, ఏ చోట లేచిందో పైనుంచి తెలియకపోవడం. తట్టి చూస్తే బోలు చప్పుడు వచ్చిన చోటు తెలుస్తుంది, కానీ అప్పటికే ఆలస్యమైనట్టు లెక్క. అందుకని నేను చెప్పేది ఇంతే: ఫ్లోరు నాలుగు మూలలా, సీటు బోల్టుల చుట్టూ, రేకులు అతికిన కీళ్ల వెంట ముందు తీయండి. అక్కడ రేకు శుభ్రంగా ఉండి, మధ్యభాగం ఉలికి కూడా లొంగకుండా అంటుకుని ఉంటే మధ్యలో వదిలేసినా తప్పులేదు. విశాఖ కార్లలో అలా వదిలేసే అదృష్టం ఎక్కువమందికి ఉండదనే నా అనుమానం.

ఇంత పట్టుదల ఎందుకంటే ఫ్లోరు అలంకారం కాదు. అంబాసిడర్‌కు, ఫియట్‌కు విడిగా ఛాసిస్ చట్రం ఉండదు; బాడీయే చట్రం. ఫ్లోరు, దాని పక్కల పెట్టె దూలాలు కలిసి బండి బరువు మోస్తాయి. సీట్లు బిగించేదీ ఆ రేకుకే. జాకీ పెట్టిన చోట ఫ్లోరు మెత్తగా వంగుతోందంటే, గుద్దుకున్నప్పుడు సీటు ఎక్కడ ఆగుతుందో ఊహించుకోవచ్చు. బొక్క పడిన చోట ఫైబర్, పుట్టీ పెట్టి, మీద మళ్లీ కొత్త తారు షీటు పరిచే అలవాటు అందుకే ప్రమాదకరం. పనివాడి తప్పుకన్నా అది చూడకుండా డబ్బిచ్చే యజమాని తప్పు.

తీయడం ఎలా అన్నదానిలోనే పని సగం చెడుతుంది. చాలాచోట్ల చేతికి దొరికే సాధనం గ్యాస్ మంట. వేడికి తారు మెత్తబడి గీకుడు కత్తికి వస్తుంది, నిజమే. కానీ ఆ ఫ్లోరు కిందనుంచే పెట్రోలు పైపు, బ్రేక్ పైపు పోతుంటాయి, పల్చటి రేకు వంకర్లు పోతుంది, కాలిన తారు పొగ మూసిన కారులో ఊపిరితిత్తులకు చేటు. దీనికి ఎదురుదారి చలి. మైనస్ 78 డిగ్రీల దగ్గరుండే డ్రై ఐస్ ముక్కలను షీటు మీద పరిచి, పైన గోనె కప్పి పది పదిహేను నిమిషాలు ఆగితే, పెళుసుబారిన తారు గాజులా బిగుస్తుంది. కొయ్య సుత్తితో తేలిగ్గా తడితే పెంకులు పెంకులుగా ఊడుతుంది. నిలువు గోడల మీద ఈ పద్ధతి పనిచేయదు, అక్కడ హీట్ గన్ సన్నటి వేడితో సరిపెట్టుకోవాలి. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. డ్రై ఐస్ ఆవిరైతే వచ్చేది కార్బన్ డయాక్సైడ్. గాలికన్నా బరువు, కారు అడుగునే పేరుకుంటుంది. తలుపులన్నీ తెరిచి, ఆరుబయట, మందపాటి చేతి తొడుగులతోనే చేయాలి. రెండోది విశాఖకే ప్రత్యేకం. అంత చల్లబడిన రేకు మీద ఇక్కడి గాలిలోని తేమ క్షణాల్లో మంచులా పడుతుంది. పెంకులు ఊడిన వెంటనే తుడిచి ఆరబెట్టకపోతే, శుభ్రం చేసిన రేకు సాయంత్రానికే కొత్త తుప్పు కడుతుంది.

మిగిలిన జిడ్డును కిరోసిన్‌తోనో టర్పెంటైన్‌తోనో తుడవాలి. పెట్రోలు వాడితే నిప్పుకు ఆహ్వానమే. వైరు బ్రష్ గ్రైండర్‌తో ఎండుగా గీకడం మీద ఇంకో అభ్యంతరం ఉంది, అది సరైనదే. పాత రంగుల్లో సీసం, పాత తారు పూతల్లో కొన్నిటిలో ఆస్‌బెస్టాస్ నార ఉండేవి. ఆస్‌బెస్టాస్‌ను మన దేశం ఇంకా పూర్తిగా నిషేధించలేదు. విరిచిన పెంకులో నారపోగులు కనిపించినా, అనుమానం వచ్చినా పని ఆపి, ముక్కను పరీక్షకు పంపడం మేలు. అనుమానం తీరేదాకా దుమ్ము లేపకుండా తడిపి ఉంచాలి. ఈ భయాన్ని చూపి అసలు తీయనే వద్దనేవారు, లేచిన షీటు అంచులు కాళ్ల రాపిడికి అదే దుమ్మును కారులోకి వదులుతున్నాయని గుర్తించరు.

పాతదనం పోతుందన్న బెంగ కూడా ఉంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాన్ని వింటేజ్‌గా, ‘వీఏ’ అక్షరాల నంబరుతో నమోదు చేసుకోవచ్చు; అసలు రూపం మారకూడదు, ఛాసిస్‌నో బాడీనో ఇంజన్‌నో పెద్దగా మార్చి ఉండకూడదు. అందులో తారు షీటు ఊసు లేదు, బాడీ ఊసుంది. షీటు కోసం బాడీని వదులుకోవడం ఏ లెక్కనా పాతదనం కాపాడడం కాదు. ఊడదీసిన దాని ఆకారం, మందం ఫొటో తీసి ఉంచుకుంటే, కావాలంటే అలాంటిదే మళ్లీ వేయించుకోవచ్చు.

శుభ్రమైన రేకు మీద మంచినీళ్ల కడుగు, ఆరబెట్టడం, తుప్పు గుంటల్లో ఫాస్ఫారిక్ ఆమ్లపు మందు, అది కడిగి ఆరాక ఎపాక్సీ ప్రైమర్, కీళ్ల వెంట సీలర్. రెడ్ ఆక్సైడ్ ఒక్కటే పూసి వదిలేయడం తీరప్రాంతంలో చాలదు, నీరు దానిలోంచి దిగుతుంది. చప్పుడు సంగతికొస్తే, పాత రోజుల్లోలాగా ఫ్లోరంతా కప్పనక్కర్లేదు. రేకు ఎక్కువగా అదిరేది దాని నడుమ. ఒక్కో విశాలమైన రేకు మధ్య భాగంలో, సుమారు నాలుగో వంతు మేర, అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ ముక్క అతికిస్తే వచ్చే లాభంలో పెద్ద భాగం దక్కుతుంది. కీళ్లు, మూలలు, నీరు పోయే రంధ్రాలు తెరిచే ఉంటాయి. ఆ ముక్కలు కూడా వెంటనే అతికించవద్దు. నైరుతి నుంచి నవంబరు తుపాన్ల దాకా ఒక వానాకాలం ప్రైమర్ మీదే, పైన తీసేయగలిగే రబ్బరు మ్యాట్ మాత్రమే వేసి నడపండి. పెద్ద వాన పడిన ప్రతిసారీ మ్యాట్ ఎత్తి, ఏ మూల తడిసిందో, ఆ నీరు ఏ రబ్బరులోంచి వచ్చిందో చూసుకుని ముందు దాన్ని ఆపించండి. ఆ తర్వాతే కార్పెట్.