రాఫియా సంచి: ఆకు పీచు నుంచి అల్లిక దాకా

కర్ణాటక ప్రభుత్వం 2016 మార్చిలో ప్లాస్టిక్ చేతిసంచులను నిషేధించినప్పటి నుంచి బెంగళూరు వాసికి ఇంటి నుంచి సంచి వెంట తీసుకుపోవడం అవసరమైంది; ఆ సంచిని స్వయంగా అల్లుకోవాలనుకునేవారి చేతికి వచ్చే ముడిసరుకులలో రాఫియా ఒకటి.

రాఫియా ఆఫ్రికా ఉష్ణమండలంలోను, మడగాస్కర్ దీవిలోను పెరిగే తాటి కుటుంబపు చెట్టు. వృక్షజాతి మొత్తంలో అతి పొడవైన ఆకులు దీనివే. ఒక రకం మట్ట 20 మీటర్లు దాటుతుంది. లేత ఆకు రెబ్బల పైపొరను ఒలిచి, ఎండబెట్టి, సన్నగా చీల్చితే పీచు వస్తుంది గాని, పోగు పొడవు రెబ్బ పొడవును మించదు కనుక అల్లేటప్పుడు మాటిమాటికీ అతుకు వేయవలసి వస్తుంది. అందువల్ల ఉండలుగా అమ్మే రాఫియా నూలులో చాలా భాగం కాగితంతోనో, కలప గుజ్జుతోనో చేసినది, లేదా పాలీప్రొపిలీన్ పట్టీ. ఈ చివరిది సిమెంటు బస్తాలు నేసే ప్లాస్టిక్కే. చిన్న ముక్కను వెలిగిస్తే కాగితం బూడిదవుతుంది, ప్లాస్టిక్ కరిగి పూసలా గడ్డకడుతుంది. ప్లాస్టిక్ వద్దనుకుని మళ్ళీ ప్లాస్టిక్‌నే అల్లడంలో అర్థం లేదు.

రాఫియాకు సాగే గుణం తక్కువ కాబట్టి రెండు సూదుల అల్లిక కంటే కొక్కెం ఉన్న ఒకే సూదితో చేసే క్రోషే దీనికి నప్పుతుంది. నాలుగైదు మిల్లీమీటర్ల సూదితో, మధ్యలో ఉచ్చు వేసి, అందులో ఆరు కుట్లతో అడుగుభాగం మొదలుపెట్టి, తరువాతి వరుసలను 12, 18, 24గా, అంటే ప్రతి చుట్టుకు ఆరేసి చొప్పున పెంచుతారు. దీని వెనుక ఉన్నది గణితమే: సింగిల్ క్రోషే కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం, వ్యాసార్ధం ఒక కుట్టు పెరిగినప్పుడు చుట్టుకొలత ఆరు కుట్ల కంటే కాస్త ఎక్కువ పెరుగుతుంది. పెంపు ఎక్కువైతే అంచు కుచ్చిళ్ళు పడుతుంది, తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది. కావలసిన వెడల్పు రాగానే పెంపు ఆపివేస్తే గోడ దానంతట అదే లేస్తుంది. పట్టీలను నూలుతాడు చుట్టూ అల్లితే బరువుకు సాగవు.

ఈ కుట్లు తెలుగువారికి కొత్తవి కావు. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో గోదావరి ప్రాంతానికి చేరిన క్రోషే, నరసాపురం పరిసర గ్రామాల స్త్రీల చేతుల్లో లేసు పరిశ్రమగా ఎదిగింది. సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథం ఆ శ్రమకు దక్కిన అతి తక్కువ కూలిని లోకానికి చూపింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సన్నని నూలుదారంతో వారు చేసే పనికీ, లావు రాఫియాతో సంచి అల్లడానికీ కుట్టులో తేడా లేదు.

కాగితపు రాఫియా నీటికి మెత్తబడి బలం కోల్పోతుంది; సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో సాయంత్రపు జల్లులు కురిసే బెంగళూరులో ఇది చిన్న లోపం కాదు. దీనిని ఉతకకూడదు, తడిగుడ్డతో తుడవాలి. వంకర తిరిగిన సంచిపై గుడ్డ పరచి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే ఆకారం తిరిగి వస్తుంది. ప్లాస్టిక్ రకానికి వేడి తగలనీయరాదు.

ముడిసరుకు కోసం మడగాస్కర్ దాకా చూడనక్కరలేదు. తుంగభద్ర ఆవలి ఒడ్డున, హంపికి ఎదురుగా ఉన్న ఆనెగొందిలో కిష్కింద ట్రస్ట్ ప్రోత్సాహంతో స్త్రీలు అరటినారతో సంచులు, బుట్టలు తయారు చేస్తున్నారు. గెల కోసిన తరువాత పారవేసే బోదె నుంచి వచ్చే ఆ నార, బెంగళూరులో అల్లేవారికి రాఫియా కంటే దగ్గరిదీ, తగినదీ.