లింకుల కుండమార్పిడి: ఎవరితో సంబంధం కలుపుకోవాలి?

ఒక వెబ్‌సైటులోని పుట నుంచి మరొక వెబ్‌సైటులోని పుటకు వేసిన దారిని లింకు అంటారు. పాఠకుడికి అది నొక్కగానే తెరుచుకునే తలుపు మాత్రమే అయినా, సెర్చింజన్‌కు, అంటే అడిగిన మాటను బట్టి కోట్లాది పుటలలోంచి తగినవాటిని ఏరి వరుసలో నిలబెట్టే యంత్రాంగానికి, అది ఒక సాక్ష్యం. పండితులు తమ పరిశోధన పత్రాలలో పూర్వ రచనలను ఉటంకించినట్లే, ఒక పుట మరొక పుటకు లింకు ఇవ్వడం దాని విలువను గుర్తించడమేనన్న భావన మీద లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పేజ్‌ర్యాంక్ పద్ధతిని రూపొందించి 1998లో వెల్లడించారు. ఎన్ని లింకులు వచ్చాయన్నదానితో పాటు, వాటిని ఇచ్చిన పుటలకు ఎంత విలువ ఉందన్నది కూడా ఆ పద్ధతిలో లెక్కకు వస్తుంది.

సాక్ష్యానికి విలువ ఏర్పడిన చోట దాన్ని ఇచ్చిపుచ్చుకునే బేరం కూడా మొదలవుతుంది. వరుసలో పైకి రావాలనుకునే సైట్ల యజమానులు ‘మీరు మాకు లింకు ఇస్తే మేము మీకు ఇస్తాం’ అని ఒప్పందాలు చేసుకోసాగారు. ఒక ఇంటికి పిల్లను ఇచ్చి ఆ ఇంటి పిల్లనే తెచ్చుకునే కుండమార్పిడి పెళ్లి వంటిదే ఈ ఏర్పాటు. రెండిళ్లూ తగినవైతే అందులో తప్పేమీ లేదు గాని, మార్పిడి కోసమే సంబంధం కుదుర్చుకుంటే నష్టం రెండు వైపులా ఉంటుంది.

ఈ చిక్కును తొలినాళ్లలోనే గుర్తించి దానికి విరుగుడు వెదికిన వారిలో బెంగళూరులో బడి చదువు చదువుకుని, 2004లో అదే నగరంలో గూగుల్ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పిన కృష్ణ భరత్ ముఖ్యులు. గూగుల్ న్యూస్ రూపకర్తగా ఆయన పేరు లోకానికి తెలిసినా, లింకుల విషయంలో ఆయన చేసిన పని అంతకు ముందుది. 1998లో మోనికా హెన్‌జింగర్‌తో కలిసి వెలువరించిన పత్రంలో, ఒకే సైటులోని పలు పుటలు ఒక పుటకు లింకులు ఇస్తే ఒకే గొంతు పదిసార్లు వినిపించినట్లవుతుందని గుర్తించి, ఆ లింకులన్నింటికీ కలిపి ఒక్క ఓటు విలువనే పంచాలని ఆయన ప్రతిపాదించారు. తరువాత జార్జ్ మిహైలాతో కలిసి రూపొందించిన హిల్‌టాప్ పద్ధతి మరొక అడుగు ముందుకు వేసింది. ఒక విషయం మీద, తమకు ఏ సంబంధమూ లేని పలు సైట్లకు దారి చూపే పుటలను ఆ పద్ధతి ‘నిపుణ పుటలు’గా గుర్తిస్తుంది, తమలో తమకు గాని, లింకు అందుకునే పుటతో గాని చుట్టరికం లేని కనీసం ఇద్దరు నిపుణులు చూపిన పుటనే ఫలితాలలోకి తీసుకుంటుంది.

చుట్టరికాన్ని యంత్రం పసిగట్టే విధానం కూడా హిల్‌టాప్ పత్రంలో వివరంగా ఉంది. ఇంటర్నెట్‌లో ప్రతి కంప్యూటరుకూ ఉండే ఐపీ చిరునామా సాధారణంగా నాలుగు సంఖ్యలుగా ఉంటుంది. రెండు సైట్ల చిరునామాలలో మొదటి మూడు సంఖ్యలు ఒకటే అయినా, లేక డాట్ కామ్ వంటి తోకలను తీసేశాక మిగిలే అసలు పేరు ఒకటే అయినా, ఆ రెండూ ఒకే గూటివని హిల్‌టాప్ భావిస్తుంది. ఒకే యజమాని పది సైట్లు తెరిచి వాటి మధ్య లింకులు అల్లినంత మాత్రాన పదిమంది సాక్షులు ఉన్నట్లు కాదన్నది దీని సారాంశం.

కాలక్రమంలో ఈ విచక్షణ నియమంగా మారింది. వరుసలో పైకి రావడానికే అతిగా లింకులు మార్చుకోవడాన్ని గూగుల్ తన విధానాలలో మోసపు పద్ధతిగా పేర్కొంది. 2012 ఏప్రిల్ 24న ప్రవేశపెట్టిన పెంగ్విన్ అనే మార్పు ఆంగ్ల శోధనలలో సుమారు 3.1 శాతం మీద ప్రభావం చూపి, కృత్రిమ లింకులను నమ్ముకున్న ఎన్నో సైట్లను కిందికి దించింది. 2016 నుంచి పెంగ్విన్ సైటు మొత్తాన్ని దించడానికి బదులు అటువంటి లింకుల విలువను తీసివేయడం మొదలుపెట్టింది. కాబట్టి లెక్కకు మించిన మార్పిడి నేడు తరచుగా వృథా శ్రమగా మిగులుతుంది, శ్రుతి మించితే శిక్షకూ దారి తీస్తుంది.

అయితే ఎవరితో లింకులు కలుపుకోవాలి? బెంగళూరు చిక్‌పేటలో పట్టుచీరలు అమ్మే ఒక చిన్న దుకాణం సైటును ఊహించుకుంటే జవాబు తేలికగా దొరుకుతుంది. ధర్మవరం నేతగాళ్లు తమ మగ్గాల గురించి, జరీ అంచుల గురించి వివరించే సైటు ఆ దుకాణానికి సహజమైన తోడు. చీర కొనదలచిన పాఠకురాలికి ఆ వివరాలు కావాలి, నేత చూసిన పాఠకుడికి చీర దొరికే చోటు కావాలి. పెళ్లి అలంకరణ చేసేవారి సైటు సైతం కొంత దగ్గరిదే. అప్పులిప్పిస్తామనే సైటు గాని, ఎక్కడో కార్లు అద్దెకిచ్చే సైటు గాని మార్పిడికి ముందుకు వస్తే మాత్రం, దాని పేరు ఎంత పెద్దదైనా మర్యాదగా కాదనడమే మేలు, ఎందుకంటే పట్టుకూ ఆ సరుకుకూ పొత్తు లేదని పాఠకుడికీ తెలుస్తుంది, యంత్రానికీ తెలుస్తుంది.

సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు. ఇక్కడ పరిశీలించవలసినవి అంతకన్నా తక్కువే. అవతలి సైటులో సొంత రాత ఉందా, అది ఈమధ్య కాలంలో మారుతూ వస్తోందా, గూగుల్‌లో దాని పేరు వెదికితే అది కనబడుతోందా అన్నవి మొదట చూడాలి. తరువాత లింకు ఎక్కడ పెడతారో అడగాలి. జరీని గురించిన పేరా మధ్యలో, వాక్యంలో భాగంగా ఉండే లింకును చదివేవాడు నొక్కుతాడు. ‘మా మిత్రులు’ అనే శీర్షిక కింద చీరలు, మందులు, అప్పులు, అద్దె కార్లు వరుసగా పేర్చిన పుటలోని లింకును ఎవరూ నొక్కరు. నొక్కే మాటలను యాంకర్ టెక్స్ట్ అంటారు; ప్రతి చోటా ‘బెంగళూరులో చవక పట్టుచీరలు’ అన్న ఒకే మాట కనిపిస్తే అది చెప్పించిన సాక్ష్యమని ఇట్టే తెలిసిపోతుంది. డబ్బు పుచ్చుకుని ఇచ్చే లింకులకు మాత్రం 2005లో వచ్చిన ‘నోఫాలో’, 2019లో వచ్చిన ‘స్పాన్సర్డ్’ అనే గుర్తులలో ఒకటి తగిలించి, ఇది స్వచ్ఛంద సాక్ష్యం కాదని సెర్చింజన్‌కు చెప్పడం నిజాయితీ.

అన్నిటికన్నా గట్టి పరీక్ష మరొకటి ఉంది. అసలు పట్టును గుర్తు పట్టడం ఎలాగో చెప్పే పుటలో ఆ చిక్‌పేట దుకాణం, బెంగళూరులోనే కేంద్ర కార్యాలయం ఉన్న కేంద్ర పట్టు మండలి వారి సిల్క్ మార్క్ పుటకు లింకు ఇస్తే, అటు నుంచి తిరుగు లింకు రాదు. అయినా ఆ లింకు ఉండవలసిందే, ఎందుకంటే చీరకు వేలాది రూపాయలు పోసే మనిషికి అది మేలు చేస్తుంది. మార్పిడికి వచ్చిన ప్రతి సైటునూ ఈ కొలతతోనే కొలవాలి: అవతలివారు రేపు తమ లింకు తీసేసినా, ఇవతలివారు తమ పాఠకుల కోసం తమ లింకును అక్కడే ఉంచగలరా? ఉంచగలమనుకునే సైటుతోనే సంబంధం కలుపుకోవాలి.