కోత పడిన చోటే పాఠం
తరగతి గదిలో కాగితపు ఆటలు, పజిళ్ల విశేషాలు

వీధి చివర ఒక జిరాక్స్ షాపు ఉంటే చాలు, ఏ టీచరైనా ఒక ఆటను రేపటికల్లా నలభై మంది పిల్లల చేతుల్లో పెట్టగలరు. అయితే ఆట అచ్చయినంత మాత్రాన పాఠం అయిపోదు. గెలవాలంటే పాఠం తెలిసి తీరాలి అన్నట్టుగా ఆట ఉన్నప్పుడే అది చదువవుతుంది. ఈ రహస్యం కొత్తదేమీ కాదు. రెండున్నర శతాబ్దాల కిందటే ఒక పటాల పనివాడికి తెలుసు.

* జిగ్‌సా పుట్టింది భూగోళం కోసమే

1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాలు చెక్కే పనివాడు ఉండేవాడు. అతను ఐరోపా పటాన్ని పల్చని చెక్కకు అతికించి, దేశాల సరిహద్దుల వెంట సన్నని రంపంతో కోశాడు. ముక్కలు సరిగ్గా పేరిస్తే పటం తయారవుతుంది. ఏ దేశం ఏ ఆకారంలో ఉందో, దాని పక్కన ఏముందో పిల్లవాడి వేళ్లకే తెలిసిపోతుంది. ఇంగ్లండు రాజు మూడో జార్జి పిల్లలకు చదువు చెప్పించిన లేడీ షార్లెట్ ఫించ్ కూడా ఇలాంటి పటాలనే వాడారు. ఇక్కడ గమనించాల్సింది కోత ఎక్కడ పడిందన్నది. తెలంగాణ పటాన్ని అడ్డదిడ్డంగా కోస్తే అది బొమ్మల ఆటే. 33 జిల్లాల హద్దుల వెంట కోస్తే సాంఘికశాస్త్రం పాఠం.

* వైకుంఠపాళిలో అంకెల బడి

పాము, నిచ్చెనల ఆట మన దేశంలోనే పుట్టింది. పుణ్యాలు నిచ్చెనలై పైకి ఎక్కిస్తాయి, పాపాలు పాములై కిందికి దించుతాయి. మన ఇళ్లలో వైకుంఠపాళి అనీ, పరమపద సోపాన పటమనీ పిలిచే ఈ ఆటలో పెద్దలు నేర్పదలచుకున్నది నీతి. 19వ శతాబ్దం చివర్లో ఇది ఇంగ్లండుకు చేరి అక్కడి పిల్లల ఆట అయింది.

ఇలాంటి గళ్ల ఆట లెక్కలు కూడా నేర్పుతుందని 2008లో అమెరికా పరిశోధకులు రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి చూపించారు. పేద కుటుంబాల నుంచి వచ్చిన బడి ఈడుకు ముందరి పిల్లలతో 1 నుంచి 10 వరకు వరుసగా అంకెలున్న పట్టీ మీద ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, సారికి పావుగంట చొప్పున, అంతే. పిల్లలకు అంకెల మీద పట్టు పెరిగింది, తొమ్మిది వారాల తర్వాత కూడా నిలిచింది. అంకెల బదులు రంగులున్న పట్టీ మీద ఆడిన పిల్లల్లో ఆ లాభం కనిపించలేదు.

ఇందులో ఒక కిటుకు ఉంది. 5 మీద ఉన్న పిల్లకు 2 పడితే "ఒకటి, రెండు" అంటూ కదపకూడదు. "ఆరు, ఏడు" అంటూ గళ్లలోని అంకెలనే పైకి చదువుతూ కదపాలి. నేర్పేది ఆ చదవడమే.

* ఎక్కాల తంబోలాలో 42 అంకెలే

పండగలకు, పుట్టినరోజులకు ఆడే తంబోలా టికెట్టులో 3 అడ్డ వరుసలు, 9 నిలువు వరుసలు, మొత్తం 15 అంకెలు ఉంటాయి. దాన్నే బడికి తెచ్చి, "36" అని పిలిచే బదులు "ఆరారులు" అని పిలిస్తే ఎక్కాల ఆట అవుతుంది. 19వ శతాబ్దంలో జర్మనీ పిల్లలు ఇదే జాతి ఆటతో ఎక్కాలు, అక్షరక్రమం నేర్చుకున్నారు.

కార్డులు అచ్చువేసే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒకటో ఎక్కం నుంచి పదో ఎక్కం దాకా, పదేసి వరుసలు రాస్తే వంద జవాబులు వస్తాయి. వాటిలో వేరువేరు అంకెలు 42 మాత్రమే! 37 గానీ 53 గానీ ఎప్పటికీ రావు. 24 మాత్రం నాలుగుసార్లు వస్తుంది: మూడెనిమిదులు, ఎనిమిది మూళ్లు, నాలుగార్లు, ఆరునాలుగులు. మరి ఏ అంకెలున్న కార్డు తొందరగా గెలుస్తుంది? ఈ ప్రశ్న పిల్లలకే వదిలేయండి. ఎక్కాల పట్టికను వాళ్లే ఇష్టంగా తిరగేస్తారు.

* 'స్త్రీ'కి ఒక్క గడి చాలు

1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రికలో ఆర్థర్ విన్ అచ్చువేసిన పజిలే నేటి క్రాస్‌వర్డ్‌కు మూలం. తెలుగులోకి వచ్చాక అది గళ్ళ నుడికట్టు అయింది. ఆరుద్ర, శ్రీశ్రీ వంటి కవులు కూడా ఇష్టంగా కూర్చారు.

ఇంగ్లీషులో గడికో అక్షరం. మనకూ అంతే, కానీ మన అక్షరం వేరు. 'అమ్మ'కు రెండు గళ్లు. 'స్త్రీ'కి ఒకే గడి. కంప్యూటరు మాత్రం 'స్త్రీ'ని ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. అందుకే ఇంగ్లీషు కోసం చేసిన పజిల్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు మాట వేస్తే ఒత్తులు ఒక గడిలో, గుణింతాలు ఇంకో గడిలో పడి మాట చెల్లాచెదురవుతుంది. ప్రింటు తీసే ముందు తప్పక చూసుకోండి. లేదంటే పిల్లవాడు అక్షరం అంటేనే తప్పుగా నేర్చుకుంటాడు.

* పదాల వేటను పెంచింది టీచర్లే

అక్షరాల గుంపులో దాగిన మాటల్ని వెతికే పజిల్‌ను 1968 మార్చి 1న అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో నార్మన్ గిబట్ తన చిన్న ప్రకటనల పత్రికలో వేశారు. చుట్టుపక్కల బడుల టీచర్లు తరగతికి పనికొస్తుందని కాపీలు అడిగి పట్టుకెళ్లారు. అది అలా ఊరు దాటింది.

అయితే ఈ పజిల్‌కు ఒక లోపం ఉంది. 'పత్రహరితం' అంటే ఏమిటో తెలియకుండానే పిల్ల దాన్ని గళ్లలో పట్టేయగలదు. కళ్లకు పని దొరికింది గానీ బుద్ధికి దొరకలేదు. దీనికి మందు తేలికే. కింద మాటల జాబితా ఇవ్వకుండా ఆధారాలు ఇవ్వండి. "ఆకుకు పచ్చదనం ఇచ్చేది" అని రాస్తే, ముందు జవాబు తట్టాలి, తర్వాతే వెతుకులాట.

* ఏడు కార్డులు, ఏడు అక్షరాలు

'డాబుల్' అనే ఆట పెట్టెలో 55 కార్డులుంటాయి. కార్డుకు 8 బొమ్మలు. ఏ రెండు కార్డులు తీసినా వాటిలో సరిగ్గా ఒకే బొమ్మ కలుస్తుంది. అదేదో ముందుగా ఎవరు పలికితే వారిదే గెలుపు. దీని వెనక ఉన్నది ఒక రేఖాగణిత ఏర్పాటు. అదే ఏర్పాటు చిన్న రూపంలో ఏడు కార్డులతో సాధ్యం. చూడగానే ఒకదానికొకటి తికమక పెట్టే అక్షరాలతో ఇలా రాయండి:

ప ఫ ష
ప వ మ
ప ఘ య
ఫ వ ఘ
ఫ మ య
ష వ య
ష మ ఘ

ఏ రెండు కార్డులైనా తీసి చూడండి, కలిసే అక్షరం ఒక్కటే. ప, ఫ, ష, ఘల మధ్య తేడా తెలియని పిల్ల ఈ ఆటలో గెలవలేదు. పది ఆటలయ్యేసరికి ఆ తేడా దానికదే కంటికి అలవాటవుతుంది.

* బడిపంతులు కనిపెట్టిన 6174

మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో డి.ఆర్. కప్రేకర్ బడిపంతులు. పెద్ద డిగ్రీలు లేకపోయినా సంఖ్యలంటే ప్రాణం. 1949లో ఆయన కనిపెట్టిన వింత ఇది. అన్నీ ఒకే అంకె కాని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకోండి. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. వచ్చినదానితో మళ్లీ అదే చేయండి. 3524తో చూద్దాం.

5432 – 2345 = 3087
8730 – 0378 = 8352
8532 – 2358 = 6174

ఇక ఎన్నిసార్లు చేసినా 6174 దగ్గరే ఆగుతుంది. ఎక్కడ మొదలుపెట్టినా ఏడు మెట్లకు మించదు. ఖాళీ గళ్లున్న ఒక కాగితం ఇస్తే, తీసివేతలంటే విసుక్కునే పిల్లవాడు కూడా వరసపెట్టి చేస్తాడు. అయితే మధ్యలో ఒక తప్పు చేసినా లెక్క మళ్లీ 6174కే చేరవచ్చు గనుక ప్రతి తీసివేతనూ సరిచూసుకోవాలి.

* అంకెల హారాలు

9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరుడు 'గణిత సార సంగ్రహం'లో గుణకారాన్ని నేర్పిన తీరు ముచ్చటైనది. లెక్క సరిగ్గా చేస్తే జవాబు ఎటు నుంచి చదివినా ఒకేలా, మెడలో హారంలా కనిపిస్తుంది. 152207ను 73తో గుణిస్తే 11111111. 142857143ను 7తో గుణిస్తే 1000000001. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే లెక్కల పుస్తకం మన భాషలో అడుగుపెట్టిందే చమత్కారంతో. హారం కుదిరితే లెక్క సరైనదన్నమాట, టీచరు టిక్కు పెట్టనక్కర్లేదు.

* బోధించకుండా బోధించిన మాస్టారు

2004లో జపాన్‌లో తెత్సుయా మియామొటో అనే లెక్కల మాస్టారు తన విద్యార్థుల కోసం ఒక పజిల్ తయారుచేశారు. సుడోకులాగే వరుసలో ఏ అంకే రెండోసారి రాకూడదు. అదనంగా కొన్ని గళ్లను ఒక కట్టగా చుట్టి, "గుణిస్తే 12 రావాలి", "తీసేస్తే 1 రావాలి" అని షరతు పెడతారు. ఆయన సూత్రం: బోధించకుండానే నేర్పడం. పజిల్ ఇస్తారు, కుస్తీ పట్టనిస్తారు. 'కెన్‌కెన్' పేరుతో అది 2009లో 'న్యూయార్క్ టైమ్స్'కూ ఎక్కింది.

* మడతల్లో మూడు ముఖాలు

1939లో ఆర్థర్ స్టోన్ అనే ఇంగ్లీషు విద్యార్థి అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు చదువుకోవడానికి వెళ్లాడు. అక్కడి కాగితాలు తను తెచ్చుకున్న ఫైలులో పట్టక అంచులు కత్తిరించాడు. మిగిలిన పట్టీలను ఊరికే మడుస్తుంటే, తిప్పిన కొద్దీ కొత్త ముఖం బయటపడే ఆరుకోణాల బొమ్మ తయారైంది. దాని పేరు ఫ్లెక్సగాన్. పది సమబాహు త్రిభుజాల పట్టీ ఒకటి ప్రింటు తీసి మడిచి, చివర్లు అతికిస్తే మూడు ముఖాలు వస్తాయి. మంచు, నీరు, ఆవిరి ఒక్కో ముఖం మీద గీయండి. నీటి మూడు స్థితులు పిల్లల గుప్పిట్లో ఒకదాంట్లోంచి ఒకటి విచ్చుకుంటాయి.

* కాగితమే ఒక పాఠం

ఏ4 కాగితాలు 16 పరిస్తే దాదాపు ఒక చదరపు మీటరు. చదరపు మీటరుకు 80 గ్రాముల కాగితమైతే ఒక్కొక్కటి 5 గ్రాములు. నలభై మంది వర్క్‌షీట్ల బరువు 200 గ్రాములు. మధ్యకు మడిచినా పొడవు, వెడల్పుల నిష్పత్తి మారదు. ఏ4 పజిల్‌ను ఏ3కి పెద్దది చేయాలంటే జిరాక్స్ యంత్రంలో 141 శాతం నొక్కేది అందుకే. ఆ నిష్పత్తి రెండు వర్గమూలం. పదో తరగతి పిల్లలకు వర్గమూలాన్ని చేతితో తాకి చూపించడానికి ఇంతకంటే చవకైన పరికరం లేదు.

* పులి, మేక, గడ్డిమోపు

ఏరు దాటాల్సిన రైతు, పడవలో తనతోపాటు ఒక్కదానికే చోటు, తను దగ్గర లేకపోతే పులి మేకను, మేక గడ్డిని తినేస్తాయి. మన తాతలు చెప్పిన ఈ చిక్కుముడి ఐరోపాలో తోడేలు, మేక, క్యాబేజీగా ఉంది. 8వ శతాబ్దపు గురువు ఆల్క్విన్ పేరుతో ఉన్న, పిల్లల బుద్ధికి పదును పెట్టే లెక్కల సంపుటిలో అది కనిపిస్తుంది. జవాబుకు పడవ ఏడుసార్లు ఏరు దాటాలి. అవతలకు చేర్చిన మేకను మళ్లీ వెనక్కి తేవాలన్నదే అందరికీ తట్టని మలుపు. నాలుగు బొమ్మలు కత్తిరించి, ఒక ఏరు గీసిచ్చి, పిల్లల చేతనే కదిపించండి. ముందుకు పోవడానికి ఒక్కోసారి వెనక్కి రావాలన్న సంగతి చెప్పకుండానే తెలుస్తుంది.

* ముక్క నీది, పటం మనందరిది

1971లో అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో తెల్ల, నల్ల పిల్లల్ని ఒకే తరగతిలో కూర్చోబెట్టాక గొడవలు చెలరేగాయి. మనస్తత్వవేత్త ఇలియట్ ఆరన్సన్ పాఠాన్నే ముక్కలు చేశారు. జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో భాగం కాగితం మీద ఇచ్చారు. తన భాగం బాగా నేర్చుకుని మిగతావారికి చెప్పాలి. ఎవరు లేకపోయినా పాఠం పూర్తికాదు. దీన్ని జిగ్‌సా తరగతి అంటారు. వెనక బెంచీ పిల్లవాడి మాట కోసం అందరూ చెవులు రిక్కించే రోజు దీనితోనే వస్తుంది.

* మళ్లీ చదవడమా, గుర్తు చేసుకోవడమా?

2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు విద్యార్థుల్లో కొందరితో పాఠాన్ని మళ్లీ చదివించారు, కొందరిని పాఠం చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు చేసుకున్నవాళ్లు వాళ్లను దాటేశారు. పజిల్ చేసే అసలు మేలు ఇదే. జవాబును మనసులోంచి బయటకు లాగిస్తుంది. కాబట్టి పాఠం చెప్పిన గంటలోనే కాదు, వారం తర్వాత కూడా అదే పజిల్ ఇవ్వండి.

* పిల్లలు కూర్చిన పజిల్

2020 జాతీయ విద్యావిధానం ఆటలతో చదువుకు పెద్దపీట వేసింది. 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 2023లో తెచ్చిన 'జాదుయీ పిటారా' పెట్టెలో పజిళ్లు, బొమ్మ కార్డులు ఉన్నాయి. పెట్టె అందని బడికి సుద్దముక్క ఉంది. పులి-మేక, దాడి, అష్టాచెమ్మా గళ్లను మన పెద్దలు గుడి అరుగుల మీద, ఇంటి వసారాల్లో గీసుకునే ఆడారు.

టీచర్లకూ తల్లిదండ్రులకూ ఒక మనవి. వారానికి ఒక్క కాగితం చాలు. ఇచ్చే ముందు, పాఠం రాకుండా దీన్ని పూర్తి చేయొచ్చా అని చూసుకోండి. చేయొచ్చు అనిపిస్తే కోత మార్చండి. నెలకొకసారి మాత్రం ఖాళీ గళ్ల కాగితం ఇచ్చి, పజిల్‌ను పిల్లల్నే కూర్చమనండి. ఆధారం రాయాలంటే జవాబు లోతుగా తెలిసి ఉండాలి. ఆ రోజు తరగతిలో అందరికంటే ఎక్కువ చదివేది పజిల్ కూర్చిన పిల్లే.