గోళ్ళ జెల్లు - వేడిమి

చలికాలపు ఉదయమున సీసా వంచినచో ఆముదము బద్ధకముగా జారును. వేసవి మధ్యాహ్నమున అదే ఆముదము చప్పున దిగును. ద్రవపు పొరలు ఒకదానిపై నొకటి జారుటకు కలుగు అడ్డంకిని స్నిగ్ధత అందురు. 20 డిగ్రీల సెంటీగ్రేడువద్ద ఆముదమునకు గల స్నిగ్ధత, 40 డిగ్రీలవద్ద సుమారు నాల్గవవంతునకు పడిపోవును.

బ్యూటీ పార్లర్లలో గోళ్ళకు పూయు జెల్లు కూడ ఇట్లే వేడికి పలుచబడును, చలికి చిక్కబడును. మామూలు గోళ్ళరంగు, అందులోని ద్రావణి ఆవిరియై పోవుటచే ఆరును. జెల్లు గట్టిపడుట రసాయనిక చర్య. అక్రిలేటు, మెథాక్రిలేటు అణువులు, కాంతి తగిలినంతనే చర్యను ప్రారంభించు మరొక పదార్థము ఇందులో ఉండును. సుమారు 365 మొదలు 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల దీపకాంతిలో ఈ అణువులు వలవలె అల్లుకొని ప్లాస్టిక్కు పొర యగును.

గది చల్లగా నున్నచో చిక్కని జెల్లు సమముగా పరచుకొనదు, పొర మందమగును. రంగు దట్టమైనదైతే కాంతి అడుగువరకు చాలినంత చేరదు. పైగా చిక్కని ద్రవములో అణువులు కదలలేక చర్య సగములో నిలిచిపోవచ్చును. మే నెలలో విజయవాడవంటి చోట, కరెంటు పోయిన గదిలో, కష్టము వేరు: పలుచబడిన జెల్లు గోటి అంచు దాటి చర్మముపైకి పారును. ఎటులైనను గట్టిపడని అక్రిలేటు చర్మమునకు తగులును. పలుమార్లు తగిలినచో కొందరికి అలెర్జీ కలుగును. ఒకసారి వచ్చిన ఈ గుణము సాధారణముగా జీవితాంతము పోదు. పంటి పూతలలోను, కీళ్ళ శస్త్రచికిత్సలో వాడు సిమెంటులోను ఈ కుటుంబపు పదార్థములే ఉన్నవి. కనుక ఇది సింగారపు విషయము మాత్రమే కాదు. రోజంతయు ఇతరుల గోళ్ళకు పూయు పనివారికే ముప్పు హెచ్చు.

చలికి బిగిసిన జెల్లు సీసాకు మూత బిగించి, గోరువెచ్చని నీటిలో కొన్ని నిమిషము లుంచిన చాలును. ఎండలో మాత్రము పెట్టరాదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు తగిలినచో జెల్లు పూయకముందే గట్టిపడ నారంభించును.

దీపము క్రింద వ్రేలు చురుక్కుమనినపుడు అది దీపపు వేడియని పలువురు తలతురు. నిజమునకు ఆ వేడిలో అధికభాగము జెల్లులోనే పుట్టును. కర్బన పరమాణువుల నడుమ ద్విబంధములు విడి ఏకబంధము లేర్పడునపుడు, ఒక మోల్ అక్రిలేటు బంధములకు సుమారు 80 కిలోజౌళ్ళ శక్తి వెలువడును. పొర మందమైన కొలది ఈ వేడి పెరుగును. అరగదీసి పలుచబడిన గోరు దానిని అడ్డలేదు. అందుచేతనే జెల్లును పలుచని పొరలుగా పూసి, ఒక్కొక్క పొరను విడిగా గట్టిపరతురు. మొదట మందకాంతి నిచ్చి, క్రమముగా హెచ్చించు దీపములును కలవు. వానిక్రింద చర్య నెమ్మదిగా సాగి, వేడి ఒక్కుమ్మడిగా పుట్టదు.