‘స్పార్టకస్’లో ఒక వ్యాపారి

హాలీవుడ్ చారిత్రక చిత్రాలనగానే యుద్ధాలు, రథాలు, వేలమంది జనం గుర్తొస్తారు. 1960లో స్టాన్లీ కుబ్రిక్ దర్శకత్వంలో వచ్చిన ‘స్పార్టకస్’లోనూ ఆ హంగులన్నీ ఉన్నాయి. కథానాయకుడు కిర్క్ డగ్లస్. అయినా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది బటియాటస్ అనే లావుపాటి వ్యాపారి. ఆ పాత్ర పోషించిన పీటర్ ఉస్టినోవ్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. కుబ్రిక్ చిత్రాలన్నిటిలో నటనకు ఆస్కార్ దక్కింది ఇదొక్కసారే.

ఉస్టినోవ్ మనకు మరీ పరాయివాడేమీ కాదు. 1984 అక్టోబరు 31 ఉదయం ఇందిరా గాంధీ ఇంటర్వ్యూ ఇవ్వడానికి నడిచి వెళుతుండగా కాల్పులు జరిగాయి. అక్కడ కెమెరా బృందంతో ఆమె కోసం ఎదురుచూస్తున్నది ఈయనే.

ఇక కథలోకి వద్దాం. క్రీ.పూ. 73లో ఇటలీలోని కాపువా పట్టణంలో, గ్లాడియేటర్ల శిక్షణశాల నుంచి సుమారు 70 మంది బానిసలు వంటింటి కత్తులు పట్టుకుని తప్పించుకున్నారు. జనం వినోదం కోసం ఒకరినొకరు పొడుచుకోవడమే గ్లాడియేటర్ల పని. ఆ శిక్షణశాల యజమానే బటియాటస్. చరిత్రలో ఉన్న పేరే.

సినిమాలో అతను స్పార్టకస్‌ను గనుల దగ్గర, సంతలో ఎద్దును బేరమాడినట్టు పళ్లు చూసి కొంటాడు. మనిషి అతని ఖాతాలో ఒక ఆస్తి. కానీ కొరడా పట్టుకున్న రాక్షసుడిలా ఉస్టినోవ్ కనిపించడు. చెమటలు కక్కుతూ, నవ్వుతూ, పెద్దల ముందు వంగిపోతూ ఉంటాడు. రోమ్ నుంచి సేనాని క్రాసస్ వచ్చినప్పుడు రెండో రకం ద్రాక్షసారా తెమ్మంటాడు. వెంటనే భయపడి, మేలైనదే తెమ్మంటాడు. ఆ వెంటనే, చిన్న గ్లాసుల్లో పోయమంటాడు! హాల్లో నవ్వులు పూస్తాయి. ఆ నవ్వులోనే మనిషి మొత్తం తెలిసిపోతాడు.

క్రాసస్ వెంట వచ్చిన అతిథులు చావుదాకా సాగే పోరు చూడాలంటారు. తన శాలలో ఆ పద్ధతి లేదని బటియాటస్ నసుగుతాడు. దయతో కాదు, అలా చేస్తే మిగతావాళ్లలో కసి పెరుగుతుందని. మేనేజ్‌మెంట్ చదువుకుని, రోజూ రుణ దరఖాస్తులు చూసే నాకు ఈ దృశ్యం దగ్గర మనసు ఆగిపోతుంది. ఇది చక్కటి రిస్కు అంచనా. నష్టం ఎక్కడినుంచి వస్తుందో అతనికి తెలుసు. కానీ ఎదుట ఉన్నది పెద్ద మనిషి, చేతిలో పడేది పెద్ద మొత్తం. ఒప్పుకుంటాడు. ఆ పోరులో డ్రాబా అనే నల్లజాతి బానిస, తోటివాడిని చంపనని ఎదురుతిరిగి ప్రాణం పోగొట్టుకుంటాడు. తిరుగుబాటుకు నిప్పు అక్కడే రాజుకుంటుంది.

తిరుగుబాటు అణిగాక, బందీలను వేలం వేసే పని తనకే దక్కుతుందని బటియాటస్ ఆశపడతాడు. క్రాసస్ అందరినీ శిలువ వేయిస్తాడు, అడ్డుచెప్పిన బటియాటస్‌కు కొరడా దెబ్బలు తినిపిస్తాడు. ఇన్నాళ్లూ మనుషులకు వెల కట్టినవాడికి, పెద్దల లెక్కలో తన వెల ఎంతో ఆరోజు తెలుస్తుంది.

తర్వాత సెనేటర్ గ్రాకస్ ఇచ్చే డబ్బుకు ఆశపడి, క్రాసస్ మీద కక్షతో, స్పార్టకస్ భార్య వరీనియానూ పసిబిడ్డనూ అతను రోమ్ దాటిస్తాడు. గ్రాకస్‌గా చార్లెస్ లాటన్ నటించాడు. వాళ్లిద్దరి సన్నివేశాలను తానే తిరగరాశానని ఉస్టినోవ్ చెప్పుకున్నాడు. బటియాటస్‌ను చివర్లో మహాత్ముడిగా మార్చకపోవడమే ఆ నటనలోని నిజాయితీ. మంచిపని చేసేటప్పుడూ అతను భయస్తుడే, వ్యాపారే.

అన్యాయపు వ్యవస్థ క్రూరులతోనే నడవదు. ‘నాకెందుకొచ్చిన గొడవ’ అనుకుని లెక్క చూసుకునే మామూలు మనుషులు దానికి చాలామంది కావాలి. అలాంటివాడిని మనం నవ్వుతూ చూస్తాం, నవ్వాక కాస్త ఉలిక్కిపడతాం. ఈ సెలవుల్లో పిల్లలతో కలిసి ఈ చిత్రం చూడండి. యుద్ధం వాళ్లెలాగూ చూస్తారు, బటియాటస్‌ను మీరు చూపించండి. చివర్లో బండి కదిలేటప్పుడు అతని వెంట ఉన్నది తల్లీబిడ్డల విడుదల పత్రం. జీవితమంతా మనుషులను కొన్న కాగితాలే దాచుకున్నవాడు, మొదటిసారి అలాంటి కాగితం మోస్తున్నాడు.