తలకు దెబ్బ తగిలిన పిల్లలు మళ్లీ ఆటలోకి ఎప్పుడు?



సెలవులొస్తే మన పల్లెల్లో, పట్టణాల్లో పిల్లల ఆటలకు పట్టపగ్గాలుండవు. బళ్లారి కావచ్చు, హోసూరు కావచ్చు, రాయగడ, షోలాపూరు, యానాం కావచ్చు, కోత అయిపోయిన పొలంలో కబడ్డీ గీతలు పడతాయి. బడి మైదానంలో క్రికెట్టు మొదలవుతుంది. ఆటన్నాక దెబ్బలు తప్పవు. చెయ్యి విరిగితే కట్టు కట్టిస్తాం. ఆ కట్టు ఉన్నన్నాళ్లూ పిల్లవాణ్ణి ఆడమని ఎవరూ అడగరు. ఎందుకంటే కట్టు అందరి కళ్లకూ కనిపిస్తుంది. మరి తలకు దెబ్బ తగిలి, రక్తం రాకుండా, బొప్పి కూడా కట్టకుండా ఉంటే? ఆ పిల్లవాడు మళ్లీ ఆటలోకి ఎప్పుడు దిగాలి? ఈనాటి ప్రసంగంలో ఆ విషయం చెప్పుకుందాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. పదమూడేళ్ల కుర్రవాడు కూతకు వెళ్లాడు. అవతలి జట్టువాళ్లు నలుగురూ కలిసి పట్టేశారు. కింద పడినప్పుడు తల నేలకు కొట్టుకుంది. లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు, ఒక్క క్షణం తూలాడు. ముఖాన నీళ్లు చల్లారు. 'ఏం కాలేదురా' అన్నారు తోటివాళ్లు. 'ఏం కాలేదు' అన్నాడు వాడూ. ఆట మళ్లీ మొదలైంది. ఇలాంటి సన్నివేశం మనందరం చూసిందే. పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే.

పుర్రె లోపల మెదడు ఒక ద్రవంలో తేలుతూ ఉంటుంది. తలకు గట్టిగా దెబ్బ తగిలినా, ఒంటికి తగిలిన దెబ్బకు తల ఒక్కసారిగా ఊగినా, లోపల మెదడు కుదుపుకు లోనవుతుంది. దానితో మెదడు పనితీరు కొంతకాలం తారుమారవుతుంది. వైద్యులు దీన్ని కంకషన్ అంటారు. మనం మెదడు కుదుపు అనుకుందాం. స్పృహ తప్పితేనే కుదుపు తగిలినట్టని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎక్కువమందికి స్పృహ తప్పదు. స్కానింగు తీస్తే కూడా సాధారణంగా ఏమీ కనిపించదు. తీవ్రమైన రక్తస్రావం ఉందేమో చూడటానికి స్కానింగు ఉపయోగపడుతుంది గాని, స్కానింగు బాగుంది కనుక రేపే ఆడవచ్చు అని దానికి అర్థం కాదు.

మరి దీన్ని గుర్తుపట్టడం ఎలా? తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, చూపు మసకబారడం, వెలుతురునూ చప్పుడునూ భరించలేకపోవడం, అడిగినదానికి ఆలస్యంగా జవాబు చెప్పడం, ఇందాక జరిగింది మరచిపోవడం, అకారణంగా విసుక్కోవడం, ఏడవడం, మామూలుకంటే ఎక్కువ నిద్రపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అనుమానించాలి. ఇవన్నీ వెంటనే బయటపడాలని లేదు. కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కసారి మరునాడు కూడా బయటపడతాయి.

క్రికెట్టు వ్యాఖ్యానం వినే శ్రోతలకు 2019 ఆగస్టు నెల గుర్తుండే ఉంటుంది. లార్డ్స్ మైదానంలో ఇంగ్లండు బౌలరు జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి ఆస్ట్రేలియా ఆటగాడు స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. ఆయన కింద పడిపోయారు. అక్కడున్న వైద్యుడు పరీక్షించారు. పరీక్షల్లో తేడా ఏమీ కనిపించలేదు. కొంతసేపటికి ఆయన మళ్లీ బ్యాటింగుకు వచ్చారు కూడా. కాని మరునాటి ఉదయానికి కుదుపు లక్షణాలు బయటపడ్డాయి. ఆ టెస్టు నుండి ఆయనను తప్పించారు. ఆయన స్థానంలో లబుషేన్ వచ్చారు. తలకు దెబ్బ తగిలిన ఆటగాడికి బదులు మరొకరిని ఆడించే నిబంధన టెస్టు క్రికెట్టులో అప్పుడే కొత్తగా వచ్చింది. పక్కనే వైద్యుడున్న ఆటగాడి విషయంలోనే దెబ్బ ఇలా దాగి ఉంటే, పొలంలో ఆడే మన పిల్లవాడి 'ఏం కాలేదు' అన్న మాటను ఎంతవరకు నమ్మగలం?

కాబట్టి మొదటి సూత్రం ఇది. కుదుపు తగిలిందన్న అనుమానం వచ్చిన క్షణం నుండి ఆ పిల్లవాడికి ఆ రోజు ఆట ముగిసినట్టే. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ దింపడం పనికిరాదు. వాణ్ణి ఒంటరిగా వదలకూడదు, ఒక్కణ్ణీ సైకిలు మీద ఇంటికి పంపకూడదు. మెడ నొప్పి అంటే లేపి నిలబెట్టకుండా, తలను కదిలించకుండా సహాయం వచ్చేదాకా అలాగే ఉంచాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. తలనొప్పి అంతకంతకూ పెరగడం, మళ్లీ మళ్లీ వాంతులు కావడం, మూర్ఛ రావడం, కాళ్లూ చేతులూ బలహీనపడటం లేదా తిమ్మిరెక్కడం, వస్తువులు రెండుగా కనిపించడం, మాట తడబడటం, లేపినా సరిగా లేవలేనంత మగత, ముక్కునుండి గాని చెవినుండి గాని రక్తం, నీరు కారడం. వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఉల్లిపాయ వాసన చూపిస్తూ, దిష్టి తీస్తూ కూర్చునే సమయం కాదది.

ఇటువంటి ప్రమాద సూచనలు లేకపోయినా పిల్లవాణ్ణి వైద్యునికి చూపించాలి. ఇక్కడ మన సరిహద్దు జిల్లాల తల్లిదండ్రులకు ఒక మాట. ఇంట్లో మనది తెలుగు. బడిలో, ఆసుపత్రిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. కళ్లు తిరుగుతున్నాయి, తల దిమ్మెక్కింది, మనిషి పరధ్యానంగా ఉన్నాడు, ఈ మూడూ వేర్వేరు సంగతులు. కంగారులో పరభాషలో చెప్పబోతే మూడూ 'తలనొప్పి' కింద జమకట్టే ప్రమాదం ఉంది. అందుకని ఒక కాగితం మీద మీకు వచ్చిన భాషలోనే రాసుకోండి. దెబ్బ ఎన్ని గంటలకు తగిలింది, ఎక్కడ తగిలింది, స్పృహ తప్పిందా, ఎన్నిసార్లు వాంతి అయింది, ఇంతకు ముందు ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలిందా. ఆ పక్కభాష బాగా వచ్చినవాళ్లను వెంట తీసుకువెళ్లి, ఆ కాగితం చూసి ఒక్కొక్కటే చెప్పించండి. చూసినవాడే చెప్పడం మంచిది కనుక, వీలైతే ఆ సమయంలో మైదానంలో ఉన్న మాస్టారినో, స్నేహితుణ్ణో కూడా తీసుకువెళ్లండి.

ఇక ఇంటికి వచ్చాక. తలకు దెబ్బ తగిలితే రాత్రంతా నిద్రపోనివ్వకూడదని మన పెద్దలు అంటారు. వైద్యుడు చూసి, ఇంటికి తీసుకువెళ్లవచ్చని చెప్పాక, పిల్లవాణ్ణి హాయిగా నిద్రపోనివ్వండి. మెదడు కోలుకోవడానికి నిద్ర అవసరం. ఎవరో ఒకరు దగ్గర ఉంటే చాలు. వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలు వేయకండి. ముఖ్యంగా ఆస్పిరిన్ వంటివి వద్దు, అవి రక్తస్రావాన్ని పెంచవచ్చు.

మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. విశ్రాంతి అంటే చీకటి గదిలో పడుకోబెట్టడం కాదు. వాకిట్లో నడవవచ్చు, ఇంట్లో చిన్నచిన్న పనులు చేయవచ్చు. సెల్‌ఫోను, టీవీ మాత్రం బాగా తగ్గించాలి. పూర్వం రోజుల తరబడి కదలకుండా ఉంచమనేవారు. అలా ఉంచితే కోలుకోవడం ఆలస్యమవుతుందని ఇప్పుడు తేలింది.

రెండవ సూత్రం, ముందు బడి, తరువాతే ఆట. మొదట ఇంటిదగ్గర కాసేపు చదవనివ్వండి. తలనొప్పి పెరగకపోతే ఒక పూట బడికి పంపండి, తరువాత రెండు పూటలూ. ఆ రోజుల్లో పరీక్షలు, ఇంటిపని తగ్గించమని ఉపాధ్యాయులను అడగండి. వాళ్లకు సంగతి చెప్పకపోతే, పలక్కుండా కూర్చున్న పిల్లవాణ్ణి సోమరి అనుకుంటారు. ఆ మాట పడటం వాడికి మరో దెబ్బ.

మూడవ సూత్రం, ఆటలోకి మెట్టు మెట్టుగా రావాలి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ప్రపంచ నిపుణులు సమావేశమై, 2023లో ప్రకటించిన పద్ధతిలో ఆరు మెట్లు ఉన్నాయి. మన ఆటలకు అన్వయించి చెప్పుకుందాం.

మొదటి మెట్టు, రోజువారీ పనులు, మామూలు నడక. రెండవ మెట్టు, చురుకైన నడక, నెమ్మదిగా పరుగు. మొదట సులువుగా మాట్లాడగలిగేంత, ఆ తరువాత మరికొంచెం వేగం. మూడవ మెట్టు, తన ఆటకు సంబంధించిన కసరత్తు, కాని ఒంటరిగా. కబడ్డీ ఆడేవాడైతే కాళ్ల కదలిక, ఖోఖో ఆడే అమ్మాయి అయితే మలుపు తిరిగే పరుగు, క్రికెట్టు అయితే బంతి లేకుండా బ్యాటు తిప్పడం. ఈ మూడు మెట్లలోనూ తలకు దెబ్బ తగిలే అవకాశం ఉండకూడదు. ఇక్కడ ఆగి, లక్షణాలన్నీ పూర్తిగా పోయాయో లేదో చూసుకుని, వైద్యుని అనుమతి తీసుకోవాలి. నాలుగవ మెట్టు, జట్టుతో కలిసి సాధన, కాని పట్టులు, తోపులాటలు లేకుండా, మెత్తని బంతితో. అయిదవ మెట్టు, పూర్తి సాధన. ఆరవ మెట్టు, పోటీ.

ఒక్కొక్క మెట్టు మీద కనీసం ఒక రోజు నిలవాలి. మొదటి మూడు మెట్లలో తలనొప్పి, కళ్లు తిరగడం పెరిగితే ఆ రోజుకు ఆపి, మరునాడు మళ్లీ ప్రయత్నించాలి. నాలుగో మెట్టు నుండి ఆ లక్షణాలు తిరిగి వస్తే మళ్లీ మూడో మెట్టుకు దిగి, పూర్తిగా తగ్గాకే ముందుకు కదలాలి. లెక్క ప్రకారం వారంలో అయిపోతుందనిపిస్తుంది. కాని పిల్లల మెదడు పెద్దలకంటే నెమ్మదిగా కోలుకుంటుంది. చాలామందికి నాలుగు వారాల వరకు పట్టవచ్చు. ఆటల వైద్యులు అందుబాటులో లేనివారికోసం బ్రిటన్‌లో 2023లో ఒక నిబంధన పెట్టారు. కుదుపు తగిలిన వారెవరూ 21 రోజులు గడవకుండా పోటీల్లో ఆడకూడదు. మన ఊళ్లకూ ఇది మంచి కొలబద్ద. నాలుగు వారాలు దాటినా లక్షణాలు తగ్గకపోతే మళ్లీ వైద్యుని దగ్గరికి వెళ్లాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? మొదటి కుదుపునుండి కోలుకోకముందే రెండవ దెబ్బ తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోయే ప్రమాదం ఉంది. ఇది అరుదే. కాని వచ్చినప్పుడు ప్రాణం తీస్తుంది, లేదా జీవితాంతం మంచాన పడేస్తుంది. ఇలా బలైనవారిలో ఎక్కువమంది పసివయసువాళ్లే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన జాకరీ లిస్టెట్ అనే 13 ఏళ్ల బాలుడు 2006లో ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కొంత విరామం తరువాత అదే ఆటలో మళ్లీ దిగాడు. ఆట ముగియగానే కుప్పకూలాడు. ప్రాణం దక్కింది గాని, మళ్లీ నడక నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. అతని పేరుమీదనే 2009లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. కుదుపు అనుమానం ఉన్న పిల్లవాణ్ణి ఆటనుండి తప్పించాలి, వైద్యుని వంటి అర్హులైనవారి లిఖితపూర్వక అనుమతి లేకుండా తిరిగి ఆడించకూడదు అని. తరువాత మిగిలిన రాష్ట్రాలూ అటువంటి చట్టాలు చేసుకున్నాయి.

మన ఊళ్లో అటువంటి చట్టం లేకపోవచ్చు. కాని డ్రిల్లు మాస్టారు ఉన్నారు, జట్టు నాయకుడు ఉన్నాడు, తల్లీ తండ్రీ ఉన్నారు. మరునాడు ఫైనలు ఉంటుంది, కప్పు ఉంటుంది, పక్క ఊరితో పౌరుషం ఉంటుంది. 'వీడు లేకపోతే ఓడిపోతాం' అని నలుగురూ ఇంటికి వస్తారు. పిల్లవాడు కూడా, జట్టులోంచి తీసేస్తారేమోనన్న భయంతో, నొప్పిని దాచుకుంటాడు. అప్పుడు 'వద్దు' అనగలిగిన పెద్దమనిషి ఒక్కరుండాలి. ఆ ఒక్కరూ మీరే కావాలి.

ఇందాక చెప్పుకున్న స్టీవ్ స్మిత్ తరువాతి టెస్టు ఆడలేదు. సెప్టెంబరులో, ఆ తరువాతి టెస్టుకు తిరిగి వచ్చి 211 పరుగులు చేశారు. ఆగినందువల్ల ఆయన ఆట ఎక్కడికీ పోలేదు. మన పిల్లల ఆటా ఎక్కడికీ పోదు. కప్పు వచ్చే ఏడూ వస్తుంది.