మార్చిన మెనిస్కస్ ఎన్నాళ్లు బరువు మోస్తుంది?

మోకాలు నొప్పి అనగానే మనవాళ్లు 'గుజ్జు అరిగింది' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నిజానికి మోకాల్లో గుజ్జు రెండు రకాలు. ఎముకల చివర నున్నగా అంటుకుని ఉండే పొర ఒకటి. తొడ ఎముకకూ, కింది ఎముకకూ మధ్య అర్ధచంద్రాకారంలో ఉండే మెత్తలు రెండోది. వీటినే మెనిస్కస్ అంటారు. ఒక్కో మోకాలికి రెండేసి ఉంటాయి. బ్రిడ్జి పిల్లర్‌కీ గర్డర్‌కీ మధ్య పెట్టే బేరింగ్ ప్యాడ్ లాంటివి. బరువును పంచుతాయి, అదురును ఆపుతాయి.

బరువు మీద ఉండగా కాలు మెలి తిరిగితే ఇవి చిరగొచ్చు. గొంతుక్కూర్చుని పనిచేసే టైల్స్, స్టీల్ ఫిక్సింగ్ వాళ్లకు ఈ బాధ తెలియంది కాదు. మెనిస్కస్‌కు రక్తం అందేది బయటి అంచుకే. లోపలి భాగం చిరిగితే అతుక్కోవడం కష్టం. పూర్వం మొత్తం తీసేసేవారు. అలా తీసేసిన మోకాళ్లు తర్వాత తర్వాత అరుగుతున్నాయని బ్రిటన్ డాక్టర్ ఫెయిర్‌బ్యాంక్ 1948లోనే ఎక్స్‌రేలతో చూపించారు.

అందుకే చనిపోయిన దాతల నుంచి తీసిన మెనిస్కస్‌ను అమర్చే పద్ధతి వచ్చింది. జర్మనీలో 1984లో మొదలైంది. మోకాలి కొలతకు సరిపడేది చూసి పెడతారు. కిడ్నీ మార్పిడిలా జీవితాంతం మందులు మింగక్కర్లేదు. మెల్లమెల్లగా మన సొంత కణాలే అందులోకి చేరతాయి.

మా సైట్‌లో ఒక తమ్ముడికి మెనిస్కస్ చాలావరకు తీసేశారు. నొప్పి తగ్గక, ఈ మార్పిడి సంగతి తెలుసుకుని నన్ను అడిగింది ఒకటే: "అన్నా, మళ్లీ స్టీలు మోయగలనా?"

జవాబు కొంచెం చేదుగానే ఉంటుంది. చాలామందికి నొప్పి తగ్గుతుంది, నడక బాగుపడుతుంది. అనేక అధ్యయనాలను కలిపి చూసి 2019లో వేసిన లెక్క ప్రకారం, అమర్చిన మెనిస్కస్ పదేళ్ల తర్వాత నూటికి 70 మందికి పైగా నిలిచింది. 15 ఏళ్లకు సుమారు 60 మందికి. మిగతావాళ్లకు చిరగడమో, తీసేయాల్సి రావడమో జరిగింది. కొందరిలో అది కుంచించుకుపోతుంది, పక్కకు జరుగుతుంది. కీళ్ల అరుగుదలను పూర్తిగా ఆపుతుందని ఇంకా రుజువు కాలేదు. బరువులు మోసే పనికి మళ్లీ వెళ్లమని డాక్టర్లు సాధారణంగా చెప్పరు.

అందరికీ పనికొచ్చే ఆపరేషన్ కూడా కాదు. ఎముక మీది పొర బాగా అరిగిపోయినవాళ్లకు సాధారణంగా చేయరు. కాలు వంకర ఉన్నా, లిగమెంట్ తెగినా ముందు అవి సరిచేయాలి, లేదా దాంతోపాటే చేయాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఊతకర్రలు, నెలల తరబడి వ్యాయామం తప్పవు. స్లాబ్ వేసిన మర్నాడే సెంట్రింగ్ విప్పం కదా, ఇదీ అంతే.

కాబట్టి మోకాలు పట్టేస్తే, వాస్తే, నొప్పి బిళ్ల వేసుకుని నిచ్చెన ఎక్కకండి. ఎమ్మారై తీయించుకోండి. తీసేద్దామంటే, 'కుట్టడానికి వీలుందా?' అని అడగండి. తీయక తప్పకపోతే ఎంత తీస్తారో తెలుసుకోండి. ఆపరేషన్ కాగితాలు పాస్‌పోర్టుతోపాటే దాచుకోండి. రేపు ఏ డాక్టరైనా ముందు అడిగేది వాటినే. దాత ఇచ్చిన మెనిస్కస్ కన్నా, కుట్టి కాపాడుకున్న సొంత మెనిస్కసే మేలు.